ఇంటి పునాదికి నీళ్లు పెట్టాల్నంట, ఈ ఫ్రిస్కో ఎసుంటి ఊరు? తెలిసినోళ్లు చెప్పుర్రి

ధర్మాబాద్_ఆడబిడ్డ:

అందరికి నమస్తే. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దగ్గర పల్లె. మా తమ్ముడు అమెరికాల టెక్సాస్‌ల ఉంటడు, డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊర్ల పోయినేడు ఇల్లు కొన్నడు. మొన్న వీడియో కాల్‌ల ఇల్లంత తిప్పి చూపెట్టుకుంట చూపెట్టుకుంట బయటికి తీస్కపోయిండు, చూస్తే గోడకు అడుగున్నర దూరంల ఇంటి చుట్టు నల్ల రబ్బర్ పైపు పరిచి ఉన్నది, దానికి మొత్తం సన్నసన్న బెజ్జాలు, చెమట పోసినట్టు నీళ్లు ఊరుతున్నయ్. ఏందిరా ఇది పూల మొక్కలు గూడ లేవు కదా అంటే, అక్కా ఇది మొక్కలకు కాదు, పునాదికి అన్నడు.

పక్కనే మా బాపు కూసున్నడు. ఆయనకు ఆరెకరాల రేగడి ఉన్నది, నలభై ఏండ్ల సంది పత్తి, కంది, ఇప్పుడు సోయాబీన్. ఆయన ఒక్కటే మాట, పునాదికి నీళ్లు పోతే ఇల్లు కుంగుతది గాని నిలవడతదా, వాన్ని ఎవడో మోసం చేసిండు అని. అప్పటిసంది రాత్రి నిద్ర పోతలేడు. దానికి తోడు తమ్ముని ఇంట్ల ఒక బెడ్రూం తలుపు సరిగ్గ పడ్తలేదు, కిటికీ మూలకెల్లి ఏటవాలు బీట వచ్చింది. కట్టిన బిల్డర్‌ను అడిగితే మీరు నీళ్లు పెట్టలేదు గందుకే వచ్చింది అని చేతులు దులుపుకున్నడంట.

బాపు, అవ్వ వచ్చే ఎండకాలం ఆరు నెలలకు అక్కడికి పోతున్నరు. పోకముందే ఆయన నన్ను సతాయిస్తున్నడు, ఆ ఊరు ఎప్పటిది, ముందు అక్కడ ఏముండె, ఆ పేరేంది, నేల ఎసుంటిది, మనోళ్లు గంత మంది ఎందుకు పోయి పడ్డరు అని. నాకు ఒక్కటి గూడ తెల్వది. తెలిసినోళ్లు జర విడమర్చి చెప్పుర్రి, చదివి వినిపిస్త.

రేగడి_ఇంజినీర్ (దెగ్లూర్):

అక్కా, ముందు బాపుకు చెప్పు, ఎవ్వలు మోసం చెయ్యలేదు, పైపు నిజమే, పని చేస్తది. నేను సివిల్ చేసిన, దెగ్లూర్, బిలోలి దిక్కు ఇండ్ల పనులు చూస్త, మా పెద్దమ్మ కొడుకు గూడ ఆ దిక్కే ఉంటడు కాబట్టి ఈ సంగతి నేను బాగ తవ్విన.

ఫ్రిస్కో ఉన్నది నల్ల రేగడి మీద. ఆ ప్రాంతం పేరే బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ, అంటే నల్లనేల గడ్డి మైదానం. ఉత్తరాన రెడ్ రివర్ దగ్గర మొదలయ్యి దక్షిణాన సాన్ ఆంటోనియో దాక పట్టీ లెక్క పోతది. అందుల ఒక రకం నేలకు హ్యూస్టన్ బ్లాక్ అని పేరు, దాన్నే టెక్సాస్ రాష్ట్ర నేల అని పెట్టుకున్నరు. మన రేగడి, ఆ రేగడి పుట్టింది వేర్వేరు తల్లులకు. మనది దక్కన్ లావా రాయి, సుమారు 6.6 కోట్ల ఏండ్ల కిందటి నల్లరాయి, అది అరిగి వచ్చిన మట్టి. వాళ్లది అంతకన్న ముందు అక్కడ సముద్రం ఉన్నప్పుడు అడుగున పేరుకున్న సుద్దరాయి, బంకరాయి అరిగి వచ్చిన మట్టి. తల్లులు వేరైనా గుణం మాత్రం ఒక్కటే. రెండిట్ల స్మెక్టైట్ జాతి బంకమన్ను ఉంటది, నీళ్లు తాగితే ఉబ్బుతది, ఎండితే ముడుచుకపోయి నెర్రెలు ఇస్తది. నేలల శాస్త్రంల రెండిటిని ఒకే గుంపుల పెడ్తరు, వర్టిసాల్స్ అంటరు.

ఇగ పునాది సంగతి. మన దిక్కు ఏం చేస్తం, రేగడిని తవ్వి పారేసి గట్టి మొరం తగిలే దాక పోతం, లేదంటే మొరం పోసి దంగుడు కొట్టి ప్లింత్ బీమ్ వేస్తం, రేగడి మరీ లోతుంటే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున లావుగ ఉండే లోతు కాంక్రీట్ కంబాలు. అక్కడ మామూలు ఇండ్లకు గంత లోతు పోరు. ఇల్లంతటికి కింద ఒకటే కాంక్రీట్ పలక పోస్తరు, ఆ పలక లోపల ఉక్కు తీగలు ముందే పరిచి, కాంక్రీట్ గట్టిపడ్డంక జాకీతోని గుంజి బిగిస్తరు. రేగడి పైకి లేపినా కిందికి గుంజినా పలక మొత్తం ఒక్కటే లెక్క కదలాలె, ఇరగొద్దు అని. నేల నాలుగు దిక్కుల సమానంగ తడి ఉంటే ఏం కాదు. ఎండకాలం గోడల పొంటి మట్టి ఎండి ముడుచుకుంటది, ఇంటి నడిమిట్ల కింద తడి అట్లనే ఉంటది, అప్పుడు అంచులు దిగుతయ్ నడుమ లేస్తది. తలుపు పట్టకపోవుడు, కిటికీ మూల ఏటవాలు బీట, ఈ రెండు దానివే గుర్తులు. పైపు పెట్టేది అంచుల తడి నిలుపనీకి. ఏరులై పారొద్దు, ఊరాలె అంతే.

తమ్మునికి జెప్పు: గోడకు ఆనించి పెట్టొద్దు, అడుగున్నర దూరం కరెక్టే. నాలుగు దిక్కుల పెట్టాలె, ఒక్క దిక్కే పెడితే ఇంకా పెద్ద బీట వస్తది. నెర్రెలల్ల నేరుగ నీళ్లు పొయ్యొద్దు. చూరు నీళ్లు గోడ మొదట్ల నిలువకుంట వాలు చూసుకోవాలె, పెద్ద చెట్టు గోడ దగ్గరుంటే ఎండకాలం నీళ్లన్నీ అదే తాగుతది. ఇగ బిల్డర్ మాట మీద ఆగొద్దు, బిల్డర్‌తోని సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిపించి ఇల్లంత లెవెల్ తీయించమను, కాగితం మీద రాయించుకోమను. అక్కడ కొత్త ఇండ్లకు సాధారణంగ పునాది గిట్ల వాటికి 10 ఏండ్ల వారంటీ రాసిస్తరు, ఆ కాగితం మొత్తం చదవమను.

ఇంకొకటి, ఇది బాపుకు బాగ నచ్చుతది. వానలు అక్కడా ఇక్కడా ఏడాదికి ఇంచుమించు ఒక్కటే, గాని కాలం తిరగబడి ఉంటది. డాలస్ దిక్కు మే నెలల వానలెక్కువ, మళ్ల అక్టోబర్ల, నడుమ జులై ఆగస్టు కొలిమి లెక్క. అంటే మన చేను బురదై కాలు దిగబడే రోజుల్ల అక్కడి నేల నెర్రెలిచ్చి ఉంటది. ఆయన ఆగస్టుల చూస్తే తెలుస్తది.

లోకో_కాక (ముద్‌ఖేడ్):

అమ్మా, నేల సంగతి ఇంజినీర్ బాబు చెప్పిండు, ఊరు ఎట్ల పుట్టిందో నేను చెప్తా. నేను మీటర్ గేజ్ కాలంల ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్‌గ చేరిన మనిషిని, మా చిన్నోడు అక్కడ ఉంటడు, రెండుసార్లు పోయొచ్చిన.

ఆ ఊరు నీళ్ల కోసం పుట్టింది. మనుషుల నీళ్లు కాదు, ఇంజన్ నీళ్లు.

మొదట అక్కడ కాడో, విచిటా అనే ఆదివాసి జాతులు తిరిగిన నేల. 1840లల్ల టెక్సాస్ ఇంకా అమెరికాల కలువక ముందే, అది సొంత దేశంగ ఉన్నప్పుడు, పీటర్స్ కాలనీ అని ఒక కంపెనీకి పెద్ద భూమి ఇచ్చిర్రు, జనాన్ని తెచ్చి నింపుర్రి అని. టెక్సాస్ అమెరికాల కలిసింది 1845 డిసెంబర్ల. ఆ తర్వాత దక్షిణ టెక్సాస్‌కెల్లి వేలవేల పశువుల మందలు ఉత్తరాన మిజోరీ దాక నడిపించుకపోయే బాట ఇదే పొంటి పోయేది, షానీ ట్రెయిల్ అంటరు. మందల వెంట గోమార్లు, వాటితోని జ్వరం వచ్చి మిజోరీ రైతుల పశువులు సస్తున్నయ్ అని వాళ్లు అడ్డం తిరిగిర్రు, అట్ల ఆ బాట పడిపోయింది. ఇప్పుడు ఆ బాట మీదనే ప్రెస్టన్ రోడ్డు ఉన్నది, మీ తమ్ముడు దినాం కారుల పోతుంటడు. ఆ రోడ్డు జర ఎత్తు దిబ్బ మీద పోతది, దాని మీద లెబనాన్ అనే చిన్న పల్లె ఉండె.

1902 ప్రాంతంల సెయింట్ లూయిస్ – సాన్ ఫ్రాన్సిస్కో రైల్వే వాళ్లు లైన్ తెచ్చిర్రు. ఆవిరి ఇంజన్‌కు ప్రతి కొన్ని మైళ్లకు నీళ్లు కావాలె. మాకు తెలుసు ఆ బాధ, స్టేషన్‌ల టెండర్ (ఇంజన్ ఎనక నీళ్లు, బొగ్గు ఉండే డబ్బా) మీదికెక్కి నీళ్ల స్తంభం చెయ్యిని అడ్డం తిప్పి, దాని తోలు గొట్టం నోట్లె పెట్టి, కింద ఒకడు చక్రం తిప్పితే ధబధబ పడేటియి, నింపేసరికి అంగి మొత్తం తడిసేది, చలికాలం రాత్రి అయితే పండ్లు కొట్టుకునేటియి. ఆ దిబ్బ మీద లెబనాన్ల నీళ్లు లేవు. గందుకని రైల్వేవాళ్లు లెబనాన్‌ను ఇడిసిపెట్టి నాలుగు మైళ్లు పడమర దిక్కు దిగువకు పోయి చెరువు తవ్వి, అక్కడ స్టేషన్ పెట్టి, పొలాన్ని ప్లాట్లు జేసి వేలం ఏసిర్రు. రైలు యాడుంటే యాపారం ఆడనే గద, లెబనాన్ జనం తమ కట్టె ఇండ్లకు కింద దుంగలు పెట్టి దొర్లించుకుంట కొత్త ఊరికి తీస్కపోయిర్రు. ఇల్లుకు ఇల్లే! మన దిక్కు గూడ అదే కాలం, సికింద్రాబాద్–మన్మాడ్ లైన్ నిజాం హయాంల 1900 ప్రాంతంల పడ్డది, స్టేషన్ పడ్డ చోట మోండా (పెద్ద అంగడి) పెరిగింది, పడని ఊరు వెనకవడ్డది, ధర్మాబాద్ ముచ్చట నీకు నేను చెప్పే పనిలేదు.

పేరు సంగతి. మొదట ఆ భూమి గలాయన ఇంటిపేరు మీద ఎమర్సన్ అని పెట్టిర్రు. పోస్టాఫీసోళ్లు ఒప్పుకోలే, టెక్సాస్‌లనే ఎంబర్సన్ అని ఇంకో ఊరున్నది, ఉత్తరాలు అటిటు అయితయ్ అని. అప్పుడు 1904ల రైలు కంపెనీ ముద్దుపేరే ఊరికి పెట్టుకున్నరు, సాన్ ఫ్రాన్సిస్కోల తోక ముక్క, ఫ్రిస్కో. ఆ కంపెనీ రైలు సాన్ ఫ్రాన్సిస్కో దాక ఎన్నడు పోలేదు. 1908ల మున్సిపాలిటీ అయింది. కంపెనీ 1980ల ఇంకో రైల్వేల కలిసిపోయింది గాని పట్టాలు అవే, గూడ్స్ ఇంకా పోతది.

బాపును ఆ పాత రైలు మ్యూజియం దిక్కు తీస్కపోమను. యూనియన్ పసిఫిక్ వాళ్ల బిగ్ బాయ్ 4018 ఇంజన్ అక్కడ ఉన్నది. 1941–44 నడుమ అసుంటియి మొత్తం 25 చేసిర్రు, మిగిలినయ్ 8. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఎనిమిది, మళ్ల ఎనిమిది, వెనక నాలుగు, టెండర్ తోని కలిపి 500 టన్నుల పైమాట. మా మీటర్ గేజ్ ఇంజన్ దాని పక్కన మేకపిల్ల. నేను కంచె పట్టుకోని అరగంట నిలబడ్డ, మా కోడలు పిలిచి పిలిచి వచ్చి చెయ్యి పట్టుకోని తీస్కపోయింది.

టెక్సాస్_బిలోలి_పోరడు:

అక్కా నేను 2009 సంది ఇక్కడ్నే ఉన్న, జనాభా ముచ్చట నేను చెప్త ఎందుకంటే నా కండ్ల ముంగటనే అయింది. 1960ల ఊరి జనం 1,184. మన దిక్కు ఒక మోస్తరు పల్లె. 1990ల 6 వేల పైచిలుకు. 2000ల 33,714. 2010ల 1,16,989. 2020ల 2,00,509. ముప్పై ఏండ్లల్ల ముప్పై రెట్ల పైన, ఇది పుట్టుకలతోని వచ్చిన లెక్క కాదు, మొత్తం వచ్చి చేరిన జనం. పోల్చుకోనీకి చెప్త, నాందేడ్ సిటీ 2011 లెక్కల ఐదున్నర లక్షలు, గాని అది గోదావరి ఒడ్డున వందల ఏండ్ల ఊరు.

ఊరు డాలస్ నడిబొడ్డుకెల్లి ఉత్తరాన సుమారు 45 కిలోమీటర్లు, రెండు జిల్లాల్ల పడ్డది, తూర్పు భాగం కాలిన్ కౌంటీ, పడమర డెంటన్ కౌంటీ. దాదాపు 69 చదరపు మైళ్లు, అంటే 178 చదరపు కిలోమీటర్ల దాక. పడమటంచున లూయిస్‌విల్ చెరువు, ఊర్ల వాగులు చాన మటుకు దాంట్లనే కలుస్తయ్. గమ్మత్తు ఏందంటే పక్కన గంత పెద్ద చెరువున్నా మా నల్లా నీళ్లు అండ్లకెల్లి రావు, తూర్పు దిక్కు లావన్ చెరువు గిట్ల నుంచి నీళ్లిచ్చే ఇంకో సంస్థ పంపుతది. నీళ్ల హక్కులు ముందే పంచుకున్నరు, మన గోదావరి మీది బాభళి బ్యారేజీ నీళ్ల కొట్లాట చూసినోళ్లకు ఇది కొత్త కాదు.

ఎందుకు పెరిగిందంటే, నా లెక్కల మొదటి కారణం రోడ్డు. డాలస్ నార్త్ టోల్‌వే (పైసలు కట్టి పోయే పెద్ద రోడ్డు) జరుపుకుంట జరుపుకుంట ఉత్తరానికి తెచ్చిర్రు, 2007ల 380 రోడ్డు దాక వచ్చింది. రోడ్డు పడ్డచోట పత్తి చేన్లు, గోధుమ చేన్లు అమ్ముడుపోయినయ్. 2000ల స్టోన్‌బ్రయర్ అని పెద్ద మాల్ పెట్టిర్రు, 2016ల డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ ఆఫీసు ఇక్కడికే మారింది. రెండోది కొల్వులు, రిచర్డ్‌సన్, ప్లానో దిక్కు 1990ల సంది టెలికాం, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉన్నయ్, ప్లానో మనకు ఆనుకోనే ఉన్నది. మూడోది బడి. ఇక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక్కో హైస్కూల్‌ను మరీ పెద్దగ కానియ్యకుంట కొత్తకొత్తయి కట్టుకుంట పోయింది, 2022 నాటికి 12 హైస్కూళ్లు. వాటిల ఒకదాని పేరు లెబనాన్ ట్రెయిల్, ఇంకొకదాని పేరు ఎమర్సన్, కాక చెప్పిన రెండు పాత పేర్లు అట్ల బతికినయ్. ఇగ టెక్సాస్‌ల రాష్ట్ర ఇన్‌కం టాక్స్ లేదు అని అందరు గొప్పగ చెప్తరు గాని ఇంటి పన్ను మాత్రం ఇంటి ధరల నూటికి రెండు దాక పోతది, మీ తమ్మునికి ఆ కాగితం వచ్చే ఉంటది.

మనోళ్లు అంటే, 2010ల ఆసియా జనం నూటికి పది మంది దగ్గర ఉండె, 2020 వచ్చేసరికి దాదాపు నాలుగో వంతు. ఇందుల భారతీయులే ఎక్కువ, అందుల తెలుగు ఎక్కడ చూసినా వినవడతది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్నది, శనివారం పోతే అవ్వకు పరాయి దేశం అనిపియ్యది. మా అమ్మ వచ్చినప్పుడు గుళ్లె ఒకామె మాట విని "మీది బోధన్ దిక్కా" అని అడిగింది, నిజంగనే బోధన్.

ఒకటి మాత్రం దాచకుంట చెప్పాలె. ఇది మొత్తం అందమే కాదు. పాత ఊరి దగ్గర పాత బ్యాటరీల సీసం కరిగించే ఫ్యాక్టరీ 1964 సంది 2012 దాక నడిచింది, గాలిల, మట్టిల సీసం పడ్డది, జనం కొట్లాడి మూపిచ్చిర్రు, ఆ మట్టి సాఫ్ చేసుడు ఏండ్లకేండ్లు సాగింది. ఊరు గింత తొందరగ పెరిగితే కింద ఏమున్నదో అడిగి తెలుసుకోవాలె. ఇల్లు కొనేముందు అందరు వంటిల్లు చూస్తరు, బడి రేటింగ్ చూస్తరు, నేల ఎవ్వరు చూడరు, నేను గూడ చూడలే.

ఆరునెలల_అమ్మ (కుండల్‌వాడి):

బిడ్డా, అవ్వకు నా మాటగ ఒకటి చెప్పు. నేను బిడ్డ పురుడుకు పోయి ఆరు నెలలున్న. పగలు ఇండ్లన్నీ మూసి ఉంటయ్, మనిషి కనవడడు, కారు లేంది కూరగాయ దొరకదు, మొదటి నెల నాకు మనసున పట్టలే. తర్వాత నేను పొద్దుగాల ఆరింటికి లేచి పాత ఊరి మెయిన్ స్ట్రీట్ దిక్కు అల్లునితోని పోయి నడిచేదాన్ని, అక్కడ పట్టాల పక్కన ధాన్యం పోసే పెద్ద గుమ్ములు ఉన్నయ్, కాంక్రీట్‌వి, ఇప్పుడు ఖాళి. వాటిని చూస్తే మన మోండా గోదాములు యాదికొచ్చేటియి. రాత్రి గూడ్సు కూత ఇంట్లకు వినవడేది, దానికే నిద్ర పట్టేది నాకు. మా అవ్వగారిల్లు రైలు టేసన్ దగ్గర.

పొద్దుగాల నడువనీకి మెత్తటి బూట్లు తీస్కపొమ్మను. ఆగస్టుల పగలు బయటికి పోవద్దు, మన మే నెల లెక్క ఉంటది, రాత్రి గూడ సల్లవడదు.

ధర్మాబాద్_ఆడబిడ్డ:

అందరికి చేతులెత్తి మొక్కుతున్న. రాత్రి అన్నం తిన్నంక మొత్తం చదివి వినిపించిన, లోకో కాక రాసిన ఇండ్లు దొర్లించిన ముచ్చట రెండుసార్లు చదివిచ్చుకున్నడు బాపు. తర్వాత తమ్మునికి ఫోన్ చేపిచ్చి, పైపు లేని చోట కంచె పొంటి నెర్రె ఉంటే దాంట్ల పుల్ల పెట్టి చూపియ్యమన్నడు. వాడు పెన్సిల్ పెట్టిండు, తల దాక దిగింది. ఇంకొంచెం పొడుగుది పెట్టు అంటే స్క్రూడ్రైవర్ పెట్టిండు, అది గూడ పిడి దాక పోయింది. బాపు ఫోన్ దగ్గరికి మొహం పెట్టి చూసి "గిది మన చేనే గదరా" అన్నడు. అప్పుడు పోయి పండుకున్నడు.

ఇంజినీర్ అన్నా, తమ్ముడు బయటి ఇంజినీర్‌కు ఫోన్ చేసిండు, వచ్చే వారం లెవెల్ తీస్తడంట, రిపోర్ట్ వచ్చినంక ఇక్కడ రాస్త. ఇంకొక్క మాట, బాపు అడుగుతున్నడు, ఇంటి ఎనక పెరడు ఉన్నది కదా, అందుల కంది గాని గోంగూర గాని వెయ్యొచ్చా, ఎప్పుడు వెయ్యాలె?

టెక్సాస్_బిలోలి_పోరడు:

వెయ్యొచ్చు అక్కా, ఇంటి ఎనక వేసుకుంటే ఎవ్వరు ఏమనరు, ముందు దిక్కు మాత్రం కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు. మార్చి నడుమ దాక మంచు పడే భయం ఉంటది, అది దాటినంక ఏప్రిల్‌ల నేల వేడెక్కుతది, అప్పుడు గోంగూర, బెండ, బీర, సొర వేస్తే ఎండలకు మస్తు వస్తయ్. మా పెరట్ల గోంగూర నడుము దాక పెరుగుతది, వాడకట్టంత పంచుతం. కంది నేను వెయ్యలే, అది చలికి ఆగదు, తొందరగ వచ్చే రకం అయితే చూడొచ్చేమో. విత్తనాలు సంచిల తేవద్దని చెప్పుర్రి, ఏర్‌పోర్ట్‌ల పర్మిషన్ లేకుంటే గుంజుకుంటరు, ఇక్కడనే ఇండియన్ స్టోర్ల దొరుకుతయ్, గోంగూర కొమ్మలు నేనే తెచ్చిస్త. గోడకు మాత్రం నాలుగడుగులు ఇడిసిపెట్టి వెయ్యమనుర్రి.